దిగిరమ్మనే మాట

ఉదయగిరిలో నొప్పులు మొదలైన ఇంటికి పెంచలమ్మను పిలిస్తే, ఆమె చేతుల కంటే ముందు గొంతు పనిలోకి దిగేది. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూనే మొదలుపెట్టేది.

“వచ్చినానమ్మా, వచ్చేసినా. ఊపిరి బిగబట్టబాక. బిగబడితే దారి మూసుకుంటాది. వదులు. నోరు తెరిచి వదులు.”

లోపల అరుస్తున్న మనిషి అరుపు ఆపి ఊపిరి వదిలేది. పెంచలమ్మది తీపి గొంతేమీ కాదు. వక్కాకు నమిలి నమిలి గరుకెక్కిన గొంతు. అందులో తొందర మాత్రం ఉండేది కాదు. పెద్దింటి కోడలికైనా కూలి మనిషికైనా అవే మాటలు అదే వరసలో చెప్పేది. ఒక్క సంగతిలో మాత్రం గట్టిగా ఉండేది. “నేను చెప్పిందాకా ముక్కబాక. చెప్పకముందే ముక్కినావంటే చీరుకుపోతావు.” కాన్పుల్లో ఆమె పెట్టిన మొదటి నియమం అదే.

భర్త ఓబయ్య పొద్దున కత్తుల పొది చంకన పెట్టుకుని ఇళ్ళకు పోయి గడ్డాలు గీసేవాడు. పొద్దు కూకితే గుళ్ళో సన్నాయి పట్టేవాడు. స్వామిని పవళింపజేసే వేళ నీలాంబరి రాగం వాయించడం తాతల నాటి నుంచి ఆ ఇంటి పని. ముహూర్తాలు వస్తే పెండ్లి మేళం. ఊళ్ళో పెద్ద రైతు చెంచురామిరెడ్డి ఇంట్లో పెండ్లి జరిగినా పురుడు వచ్చినా మొగుడూ పెళ్ళాలిద్దరికీ పిలుపు వచ్చేది. కళ్ళం నాడు ఆ ఇంటి గింజలూ వచ్చేవి.

ఊరి బిడ్డలందర్నీ భూమ్మీదికి తెచ్చిన పెంచలమ్మకు, తన కడుపున పుట్టినవాళ్ళలో దక్కింది మాలకొండయ్య ఒక్కడే. వాడు 1954 మార్చిలో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష రాయాలి. ప్యాసైతే టీచరు ట్రైనింగుకు పోతాడు. తప్పితే పొది పట్టుకోవాలి. ఈ సంగతి చెంచురామిరెడ్డి ఓబయ్య చేత గడ్డం గీయించుకుంటూనే తేల్చి చెప్పాడు.

“సదవనీలేరా ఓబయ్యా, నేనేమన్నా వద్దంటినా? తప్పినాడంటే మాత్రం ఇంక ఇస్కూలు ఊసెత్తబాకండి. నీకు చూపు ఆనడంలా. మొన్న నా చెవి తెగింది. ఊళ్ళో పనికి మనిషి కావాల.”

“అట్టనే అయ్యా,” అన్నాడు ఓబయ్య, కత్తి పక్కకు తీసి పెట్టి.

మాలకొండయ్యకు లెక్కలు బాగా వచ్చు. కాగితం దండగని ఆ వయసులోనూ పలక మీదే చేసేవాడు. సాయంత్రం వాడు వసారాలో కూర్చుంటే బలపం గీరే చప్పుడు ఆగేది కాదు. బడిలో పరీక్ష అనేసరికి వాడు వేరే మనిషి. ప్రశ్న తెలుస్తుంది, జవాబూ తెలుస్తుంది, రెంటి నడుమా ఊపిరి ఆగిపోతుంది. చేతులు చల్లబడతాయి. చొక్కా తడిసిపోతుంది. అర్ధసంవత్సర పరీక్షలో లెక్కల పేపరు తెల్లగానే ఇచ్చి వచ్చి, బడి గోడ వెనక వాంతి చేసుకున్నాడు.

“వీడికి లెక్కలు వస్తాయి, ధైర్యం రాదు,” అన్నాడు ఓబయ్య. “నాకు ధైర్యం ఉండాది, లెక్కలు రావు. ఇద్దర్నీ కలిపి రాయనిస్తే బాగుండు.”

తాయెత్తు కట్టించారు. వారం రోజులు ఉపవాసం ఉంచారు. నాటు వైద్యం చేసే ఆచారి దగ్గర కషాయం తెచ్చి పోశారు. వాడు అన్నీ తాగాడు, అన్నీ కట్టుకున్నాడు. పరీక్ష మాట ఎత్తితే మళ్ళీ చేతులు చల్లబడ్డాయి.

సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం మాలకొండయ్య మంచం మీద బోర్లా పడి ఎగశ్వాస తీస్తున్నాడు. పెద్ద పరీక్షకు పంపేదెవరినో తేల్చే పరీక్ష మర్నాడే. ఓబయ్య సన్నాయికి కొత్త పీక బిగించి సరిచూసుకుంటున్నాడు. ఇరుగుపొరుగు తిట్టకుండా సన్నాయి అడుగున గుడ్డ కుక్కాడు. ఆ గుడ్డ లోంచి నీలాంబరి పక్కింట్లో ఎవరో జోల పాడుతున్నట్టు మెత్తగా వస్తోంది. పెంచలమ్మ కొడుకు వీపు మీద అరచెయ్యి వేసింది.  కాన్పుల్లో నోటికి అలవాటైన మాటలే వచ్చాయి.

“ఊపిరి బిగబట్టబాక. బిగబడితే దారి మూసుకుంటాది. వదులు.”

“నేనేమన్నా కంటున్నానామ్మా?”

“కనేవాళ్ళే నయం నీకంటే. నోరు మూసుకుని ఊపిరి వదులు.”

“నోరు మూసుకుని ఎట్టా వదిలేది?”

ఓబయ్య సన్నాయి తీసి నవ్వాడు. మాలకొండయ్యా నవ్వాడు. ఆ నవ్వుతో బిగిసిన ఊపిరి బయటికి వచ్చింది. “వాయించయ్యా, ఆపబాక,” అంది పెంచలమ్మ మొగుడితో. తరువాత కొడుకును లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టి, మాటలతోనే కొండ ఎక్కించింది.

ఆకులకూ వేళ్ళకూ ఆమె ఉదయగిరి కొండ ఎక్కుతూనే ఉండేది. వాడు చిన్నప్పుడు కొంగు పట్టుకుని వెంట వచ్చేవాడు. ఆ దారి ఇద్దరికీ తెలుసు.

“కళ్ళు మూసుకో. మెట్ల కాడ ఉండావు. ఎండ లేదు. చిన్నగా ఎక్కు. ఇదిగో దొన. బండలో నీళ్ళు చూడు, ఎంత తేటగా ఉండాయో. తాగు. ఇంక ఎక్కు. బురుజు కాడికి వచ్చినావు. కూర్చో. గాలి తోలతా ఉండాది. కింద ఊరు చూడు. మన ఇల్లు అగ్గిపెట్టంత. నీ ఇస్కూలూ అగ్గిపెట్టంతే. అందులో బెంచీ ఎంత ఉంటాది? ఆ బెంచీ మీద కాగితం ఎంత ఉంటాది? నేను చెప్పిందాకా కళ్ళు తెరవబాక. సగంలో తెరిస్తే తల తిరగతాది. కూర్చో.”

సన్నాయి సాగుతూనే ఉంది. వాడి భుజాలు దిగాయి. చాలాసేపటికి పెంచలమ్మ అంది:

“ఇంక లే. దిగిరా. చిన్నగా దిగిరా. మెట్లు అయిపోయినాయి. ఇంటి కాడికి వచ్చినావు. కళ్ళు తెరువు.”

మాలకొండయ్య కళ్ళు తెరిచాడు. చేతులు వెచ్చగా ఉన్నాయి. మర్నాడు పోయి లెక్కలన్నీ చేసి వచ్చాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం అదే పని అయింది. అవే మాటలు, అదే వరస, అదే రాగం. కోమటి చెంచయ్య కొడుకు సుందరరామయ్య మాలకొండయ్య క్లాసువాడే. ఒక రోజు పుస్తకం కోసం వచ్చి, చూసి, తనకూ చెప్పమన్నాడు. వాడు ఆ ఇంట్లోకి రాడు, వచ్చే ఆచారం లేదు. బయట అరుగు మీద కూర్చున్నాడు. పెంచలమ్మ వాడికీ వినబడేట్టు గొంతు పెంచి చెప్పింది. అంతా అయ్యాక, “ఎట్టా ఉండాది అబ్బయ్యా?” అని అడిగింది.

“నేను దొన దాకానే ఎక్కినా పెంచలమ్మా. అక్కడ శెనక్కాయలు అయిపోయినాయి. దిగొచ్చేసినా.”

“నీకు పరీక్ష భయం లేదు పోరా. ఆకలి ఉండాది, అంతే.”

మార్చి వచ్చింది. పరీక్ష సెంటరు ఆత్మకూరు. పెంచలమ్మ కొడుకును తీసుకుని, మూటతో బస్సెక్కింది. ఆత్మకూరు ఆసుపత్రిలో ఆయాగా ఉన్న రెబెకమ్మ ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. తన వల్ల కాని కాన్పులు పెంచలమ్మ బండి మీద అక్కడికే తెచ్చేది. ఆసుపత్రి వెనక ఒంటి గది ఇంట్లో రెబెకమ్మ వాళ్ళకు చోటిచ్చింది.

ఓబయ్య ఉదయగిరిలోనే ఉండిపోయాడు. తెలుగు పేపరు, ఇంగ్లీషు పేపరు రోజుల్లో తెల్లవారగానే పెంచలమ్మ ఒక్కతే కొడుకును కొండ ఎక్కించి దింపింది. సన్నాయి లేనందుకు వాడికి కొంచెం కష్టమైంది. రాశాడు, గట్టెక్కాడు. ఇంగ్లీషు పేపరు రోజు వాడు కళ్ళు మూసుకుని బురుజు దాకా పోయి ఉండగా, ఆసుపత్రి నుంచి ఎవరో రెబెకమ్మ కోసం వచ్చారు. రెబెకమ్మ ఇంట్లో లేదని చెప్పడానికి పెంచలమ్మ లేచి బయటికి పోయింది. అక్కడే మాటల్లో పడింది. ఇంతలో రెబెకమ్మ బిందెతో నీళ్ళు తెచ్చుకుంటూ లోపలికి వచ్చి చూస్తే, మాలకొండయ్య గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా ఉన్నాడు.

“వీడేంది మే, నువ్వు రాకపోతే సాయంత్రం దాకా ఇట్టానే కూర్చుంటాడా?”

“నేను చెప్పిందాకా తెరవబాకన్నా గదా,” అంది పెంచలమ్మ. ఆ మాటలో కొంచెం గొప్ప కూడా ఉంది. “దిగిరా నాయనా. ఇంటి కాడికి వచ్చినావు. కళ్ళు తెరువు.”

వాడు తెరిచాడు. రెబెకమ్మ బిందె దించి, ఏదో అనబోయి, వంట ఆలస్యమైందని పొయ్యి దగ్గరికి పోయింది.

లెక్కల పేపరుకు ముందు సాయంత్రం ఓబయ్య ఆత్మకూరు వచ్చాడు. చెంచురామిరెడ్డి కొడుక్కు ఆత్మకూరు సంబంధం కుదిరింది. పెండ్లివారితో పాటు మేళమూ దిగింది. ఓబయ్య విడిది నుంచి తీరిక చేసుకుని కొడుకును చూడ్డానికి వచ్చి, ముఖం చూడగానే అడిగాడు.

“ఏందిరా కొండా, అట్టా వాడిపోయినావు?”

“రేపు లెక్కలు నాయనా. నువ్వు వాయిస్తే బాగుండు. అమ్మ మాట ఒక్కటీ చాలడంలా.”

“పొద్దున్నే నాకు తీరదు గదరా. తెల్లారితే విడిదిలో వాయించాల.” ఓబయ్య కొడుకు పక్కన కూర్చున్నాడు. “పెండ్లికొడుకును తీసుకుని పోయే దారి మీ పరీక్ష బడి ముందరనుంచే. చూద్దాంలే. నువ్వు దిగులు పెట్టుకోబాక.”

ఆ మాట పెంచలమ్మ విన్నది. మంచిదే అనుకుంది.

మర్నాడు కొడుకును బడిలోకి పంపి, ఆమె గేటు ఎదురుగా గానుగ చెట్టు కింద కూర్చుంది. మిగతా రోజుల్లోనూ అక్కడే కూర్చుంది. మొదటి రోజు పెద్ద సూపరింటెండెంటు గారు మెట్ల మీద నిలబడి చెప్పిన మాట గేటు బయట ఉన్నవాళ్ళూ విన్నారు. బయటినుంచి ఎవరు ఏ మాట అందించినా, ఆ మాట అందుకున్న పిల్లవాడిని పరీక్ష నుంచి తీసేస్తారు.

గంట కొట్టారు. వీధి సద్దుమణిగింది. రోడ్డు పక్క గది కిటికీలు తెరిచే ఉన్నాయి. మాలకొండయ్య ఆ గదిలోనే ఉన్నాడు.

చాలాసేపటికి డోలూ సన్నాయీ వినిపించాయి. పెంచలమ్మ తల తిప్పకుండానే మొగుడి సన్నాయిని పోల్చుకుంది. హుషారైన పెండ్లి పాట వాయిస్తున్నాడు. ఊరేగింపు బజారు మలుపు తిరిగింది. ముందు పిల్లకాయలు, తరువాత మేళం, ఆ వెనక గొడుగు కింద పెండ్లికొడుకు. బడి దగ్గరికి వచ్చేసరికి డోలు ఆగింది. సన్నాయి ఒక్కటే మిగిలింది. ఓబయ్య కిటికీల వైపు తిరిగి, కళ్ళు సగం మూసి, నీలాంబరి ఎత్తుకున్నాడు.

పెంచలమ్మ ముఖం మొదట విప్పారింది. మొదటి వరస అయిపోయింది. రెండో వరసలో ఆమె నోరు తనంతట తానే కదిలి, “కళ్ళు మూసుకో” అంది. అన్న తరువాత ఆ మాట ఆమె చెవిన పడింది.

లేచి నిలబడింది. రోడ్డు దాటింది. గేటు దగ్గర ప్యూను వెంగయ్య ముక్కాలి పీట మీద కూర్చుని ఊరేగింపు చూస్తున్నాడు.

“అయ్యా, లోపల మావాడు ఉండాడు. ఒక్క మాట చెప్పాల.”

“ఏందమ్మా మాట?”

“కళ్ళు తెరవమని.”

వెంగయ్య ఆమెను కిందినుంచి పైకి చూశాడు. “పరీక్ష రాసేవాడు కళ్ళు మూసుకుని రాస్తాడా?”

“మూసుకుని ఉంటాడయ్యా. నేను చెప్తేగాని తెరవడు. నువ్వన్నా పోయి చెప్పు. రోడ్డు పక్క గది. మాలకొండయ్య. ఉదయగిరి.”

“నేను పోయి చెప్తే నా ఉద్యోగం ఉంటాదా? నువ్వు ఇక్కడనుంచి అరిచినావనుకో, ఎవురి బిడ్డని అడుగుతారు. వాడి నంబరు కొట్టేస్తారు. పో, ఆ చెట్టు కిందికి పోయి కూర్చో.”

“చీటీ కాదయ్యా. జవాబు కాదు. దిగిరా అని ఒక్క మాట.”

“యాడనుంచి దిగాలమ్మా? అది మిద్దె కూడా కాదే!” వెంగయ్య నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు. అయినా గేటు వదల్లేదు.

ఊరేగింపు కదిలింది. డోలు మళ్ళీ అందుకుంది. నీలాంబరి ఆగిపోయి పెండ్లి పాట మొదలైంది. ఓబయ్య పోతూ పోతూ ఆమెను చూసి, తల ఊపి, చిన్నగా నవ్వాడు. పెంచలమ్మ గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. కిటికీలు ఎంతో దూరంలో లేవు, పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నాయి. ఉదయగిరిలో వాకిట్లోనుంచి పిలిస్తే లోపలి గదిలో నొప్పులు పడుతున్న మనిషికి వినబడే గొంతు అది. నోరు తెరిస్తే చాలు. తెరిచి, అరిస్తే, వాడు కళ్ళు తెరుస్తాడు. తెరిచిన వాడిని వీళ్ళు పట్టుకుంటారు. అరవకపోతే వాడు ఆ కొండ మీదే ఉంటాడు. లేకపోతే ఎప్పుడో తెరిచి రాసుకుంటూనే ఉన్నాడేమో. లేనిపోని భయాలన్నీ తనకే పుడుతున్నాయేమో.

ఆమె అరవలేదు. గంట కొట్టేదాకా ఊచలు వదల్లేదు.

పిల్లలు బయటికి వచ్చారు. ముందు సుందరరామయ్య వచ్చాడు. ఆమెను చూసి పక్కనుంచి పోబోయి, ఆగాడు.

“పెంచలమ్మా, మీ సన్నాయి వినబడగానే నాకు నవ్వొచ్చింది. వాడి వైపు చూసినా. పెన్ను పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నేను రాసుకుంటా పోయినా. మళ్ళీ చూస్తే అట్టానే ఉండాడు. పిలుద్దామంటే సారు నా వైపే చూస్తా ఉండాడు.”

మాలకొండయ్య అందరికంటే వెనక వచ్చాడు. ముఖంలో భయం లేదు. అదే ఆమెకు ఎక్కువ భయమైంది.

“ఎవురు తెరిపించినారు నాయనా?”

“సారు వచ్చి భుజం మీద చెయ్యి వేసినాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగినాడు. అప్పటికి కాగితాలు కట్టుకోమంటా ఉండారు.” వాడు బడి వైపు తిరిగి చూశాడు. “కొండ మీదే ఉండిపోయినానమ్మా. బో చల్లగా ఉండింది. నువ్వు దిగమని చెప్పలా.”

ఆ సాయంత్రం ఓబయ్య తాంబూలమూ కొత్త తువ్వాలూ పట్టుకుని రెబెకమ్మ ఇంటికి వచ్చాడు. గడపలోనే మొదలుపెట్టాడు.

“విన్నావారా కొండా? రెడ్డి తిట్టినాడు నన్ను. ఏందిరా ఓబయ్యా, పెండ్లికొడుకును నిద్రపుచ్చతావా అన్నాడు. తిట్టనీ అనుకున్నా. విన్నావా?”

“విన్నాను నాయనా,” అన్నాడు మాలకొండయ్య గోడ వైపు తిరిగి పడుకునే.

“ఎట్టా ఉండింది?”

“బాగుండింది.”

పెంచలమ్మ మొగుణ్ణి పెరట్లోకి తీసుకుపోయి చెప్పింది. ఓబయ్య వింటూ వింటూ నేల మీద కూర్చుండిపోయాడు. తువ్వాలు ఒళ్ళో పడింది.

“తెరవచ్చు గదే కళ్ళు. అది వాడి చేతుల్లో పనే గదా.”

“తెరవబాకని చెప్పింది నేను. కాన్పు మాట వాడికి చెప్పినా.”

రెబెకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. “నేను ఆ రోజే అందామనుకున్నా. బిందె దించి మరిచిపోయినా,” అంది.

జూన్ లో పేపరులో నంబర్లు పడ్డాయి. సుందరరామయ్య నంబరు ఉంది. మాలకొండయ్యది లేదు. సెప్టెంబరులో మళ్ళీ రాయవచ్చునన్నారు. చెంచురామిరెడ్డి మూతి విరిచి, “సెప్టెంబరు దాకా ఆగుతా. ఈలోగా మీ నాయన వెంట తిరుగు. చేతులు ఖాళీగా పెట్టుకోబాక,” అన్నాడు.

మాలకొండయ్య పొద్దున పొది పట్టుకుని తండ్రి వెంట పోయేవాడు. కత్తి పట్టుకుంటే వాడి చెయ్యి వణకలేదు. చెంచురామిరెడ్డి గడ్డం నున్నగా గీసి వచ్చాడు. “మీవాడిది మంచి చెయ్యి పెంచలమ్మా,” అని ఆ ఇంటివాళ్ళే కబురు చేశారు. ఆ మెప్పు విన్న రోజు పెంచలమ్మకు అన్నం సహించలేదు.

సాయంత్రం పలక ముందు పెట్టుకుంటే వాడి ఊపిరి మళ్ళీ బిగుసుకునేది. ఇప్పుడు దానికి మందు కూడా లేదు. ఓబయ్య గుళ్ళో తప్ప ఎక్కడా నీలాంబరి వాయించడం మానేశాడు. గుళ్ళో వాయిస్తున్నప్పుడు గాలి అటునుంచి వీస్తే మాలకొండయ్య రెప్పలు వాలిపోయేవి. పెంచలమ్మ పరుగెత్తుకొచ్చి “దిగిరా” అనేది. ఆమె మాట మీద కళ్ళు తెరిచి, వాడు ముఖం తిప్పుకునేవాడు.

“నువ్వు లేనప్పుడు ఎట్టామ్మా?”

“నేను యాడికీ పోను.”

“పరీక్ష గదిలోకి వస్తావా?”

 ఒక పూట పెంచలమ్మ రాగం లేకుండా కొండ ఎక్కించబోయింది. వాడు మెట్లు ఎక్కాడు, దొన దాటాడు. బురుజు దగ్గర వాడికి చెమట పట్టింది. “వద్దమ్మా, దిగమని ఇప్పుడే చెప్పు, ఇప్పుడే చెప్పు,” అని చెయ్యి పట్టుకున్నాడు. ఉన్న ఒక్క చల్లని చోటూ తానే పాడు చేసినట్టయింది.

ఆగస్టులో ఆమెను కొండాపురానికి తీసుకుపోయారు. చిన్నపిల్ల, తొలి కాన్పు. పెంచలమ్మ వాకిట్లోనుంచి మాటలు మొదలుపెట్టింది. ఆ పిల్ల అన్నీ విన్నది. మరీ ఎక్కువ విన్నది. నొప్పి వచ్చిన ప్రతిసారీ పెంచలమ్మ ముఖంలోకి చూసి, “ముక్కనా? ఇప్పుడా? ముక్కనా?” అని అడిగేది. అడిగేలోగా నొప్పి దాటిపోయేది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాటినా బిడ్డ కదల్లేదు. పిల్ల అలిసిపోతోంది. బండి కట్టి ఆత్మకూరు తీసుకుపోవాలంటే దారిలోనే ఏమైనా కావచ్చు.

పెంచలమ్మ చేతులు కడుక్కుని లేచి, బయటికి వచ్చి, తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

“ముక్కనా?” అని లోపలినుంచి. ఆమె పలకలేదు.

“ఏం మే, పోయినావా?” అంది పిల్ల అత్త గుమ్మంలోకి వచ్చి కంగారుగా. పెంచలమ్మ నోటి మీద వేలు పెట్టి, లోపలికే పొమ్మని సైగ చేసింది.

“యాడికి పోయినావే మంత్రసానీ! నీ నోరు పడిపోయిందా!” లోపలినుంచి తిట్లు మొదలయ్యాయి. ఆ పిల్లకు అన్ని తిట్లు తెలుసునని అత్తకూ అప్పుడే తెలిసింది. కాసేపటికి తిట్లు ఆగాయి. తరువాత వినిపించిన మూలుగు వేరు. అది ఎవర్నీ అడుగుతున్న మూలుగు కాదు. పెంచలమ్మ అప్పుడు లేచి లోపలికి పోయింది. బిడ్డను చేతుల్లోకి పట్టే వేళకు అందింది.

తిరుగు బండిలో ఆమె కొడుకు సంగతే తలపోస్తూ వచ్చింది.

పరీక్షకు ఆత్మకూరు బస్సెక్కే ముందు రోజు, ఎండ ఇంకా ఉండగానే, ఆమె సన్నాయి తీసి మొగుడి ఒళ్ళో పెట్టింది.

“గుడ్డ కుక్కి వాయించు. నీలాంబరి.”

“నా వల్ల కాదు. వాడిని చంపిన రాగం అది.”

“వాయించు. నేను ఇంట్లో ఉండను. ఏమైనా సరే ఆపబాక. నువ్వు కూడా వాడిని పిలవబాక.” కొడుకు వైపు తిరిగింది. “పలక పెట్టుకో. లెక్క చేసుకుంటా ఉండు. మీ నాయన వాయిస్తాడు. రెప్పలు వాలితే వాలనీ. పైకి పోతే పో. దిగమని చెప్పడానికి నేను ఉండను.”

“దిగలేకపోతే?”

“నీకు దారి తెలవదా? చిన్నప్పుడు నా కంటే ముందు దిగి కింద నిలబడేవాడివి.”

వాడు నవ్వలేదు. ఆమె పెరట్లోకి పోయి, వసారా గోడకు అవతల, కట్టెల మోపు మీద కూర్చుంది. ముందు బలపం చప్పుడు వినిపించింది. తరువాత సన్నాయి. ఓబయ్య ఊపిరి నిలకడగా లేదు. మొదటి వరస అక్కడక్కడ తెగింది, తరువాత సర్దుకుంది. సన్నాయి కింద బలపం ఇంకా గీరుతోందా లేదా అని ఆమె చెవి గోడకు ఆనించింది. ఓబయ్య ఊపిరి తీసుకోవడానికి ఆగిన సందులో విన్నది.

చప్పుడు లేదు.

మళ్ళీ సన్నాయి. మెట్లు. మళ్ళీ సందు. చప్పుడు లేదు. దొన. వాడు ఇప్పుడు బురుజు దగ్గర ఉంటాడు. చెమట పట్టి ఉంటుంది. మాట ఆమె గొంతు దాకా వచ్చింది. దిగిరా. గోడ ఇవతలినుంచి మెల్లగా అన్నా వినిపిస్తుంది. అనేస్తే వాడు ఈ పూటకు దిగుతాడు. ఆమె కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. అవతల సన్నాయి వణికింది, కానీ ఓబయ్య ఆపలేదు. ఎండ కట్టెల మోపు మీదినుంచి ఆమె పాదాల మీదికి జరిగింది. ఆమెకు ఊపిరి ఆడడం లేదు. తాను ఊపిరి బిగబట్టినట్టు ఆమెకు తెలియలేదు.

ఓబయ్య మళ్ళీ ఊపిరికి ఆగాడు.

ఆ సందులో గోడ అవతల బలపం ఒకసారి గీరి, ఆగింది. సన్నాయి కొనసాగింది. తరువాతి సందులో మళ్ళీ గీరింది. ఈసారి ఆగలేదు.

పెంచలమ్మ కొంగు నోట్లోంచి తీసుకుంది. లోపలికి పోవాలని లేచింది. పోలేదు. మళ్ళీ కట్టెల మీద కూర్చుని వింటూ ఉండిపోయింది.